చల్లగా పెట్టమన్నారు

గురువారం మధ్యాహ్నం సెమినారంటే రిబ్కాకి మొదటినుంచీ పడదు. అన్నం తిన్న వెంటనే ఏసీ హాల్లో కూర్చోబెడితే పిల్లలు సగంమంది కునుకు తీస్తారు, మిగతా సగం బల్ల కింద ఫోన్లు చూసుకుంటారు. వెనక గోడకి ఆనించి వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని హాజరు పట్టీలో టిక్కులు పెట్టడం ఆమె పని. పదకొండేళ్లుగా అదే పని.

ఆ ప్రైవేటు మెడికల్ కాలేజీ తెనాలి నుంచి బాపట్ల వెళ్లే దారిలో పొలాల మధ్య ఉంది. అందులో కమ్యూనిటీ మెడిసిన్ డిపార్ట్‌మెంటులో ఆమె సోషల్ వర్కరు. డాక్టరు కాదు, నర్సూ కాదు. విద్యార్థుల్ని బస్సెక్కించి పల్లెలకి తీసుకెళ్లడం, ఒక్కొక్క జట్టుకీ ఐదేసి కుటుంబాలు అప్పగించడం, పనులు మానుకుని కూర్చోమని ఆ ఇళ్లవాళ్లని బతిమాలడం ఆమె వంతు. మనిషికి జబ్బు ఒంట్లోంచే రాదు, చేసే పనిలోంచి, ఉండే చోటులోంచి, నలుగురూ తనతో మాట్లాడే తీరులోంచి కూడా వస్తుందని డాక్టర్లు కాబోయేవాళ్లకి నేర్పడం దీని ఉద్దేశం. ఉద్దేశానికి వంక పెట్టడానికి లేదు. అందుకే రిబ్కా ఇన్నేళ్లు ఉండిపోయింది.

ఆరోజు శ్రీకర్ వంతు. మూడో ఏడు చదువుతున్నాడు. తెనాలి కుర్రాడు, మార్కుల్లో ఎప్పుడూ మొదటి ముగ్గురిలో ఉంటాడు. తెర మీద బొమ్మ మారింది.

"కుటుంబం నంబరు పదిహేడు. ఇంటి పెద్ద ఏసుబాబు, యాభై రెండేళ్లు, రొయ్యల చెరువు దగ్గర కాపలా. ఎనిమిదేళ్లుగా షుగరు. నాలుగు నెలల కిందట మన ఆసుపత్రిలోనే ఇన్సులిన్ మొదలుపెట్టారు. అప్పుడు షుగరు మూడు వందల ఎనభై. పోయిన వారం నాలుగు వందల పన్నెండు." శ్రీకర్ ఆగి అందరివైపూ చూశాడు. "అంటే పేషెంటు ఇన్సులిన్ తీసుకోవట్లేదు. అడిగితే రోజూ తీసుకుంటున్నానని అబద్ధం చెప్తున్నాడు. కారణాలు మూడు. చదువు లేకపోవడం, అవగాహన లోపం, ఆరోగ్యం మీద నిర్లక్ష్యం."

ఆ తర్వాత గుండ్రంగా రంగుల చక్రం ఒకటి వచ్చింది. ఆదాయం, విద్య, గృహవసతి, ఉపాధి, సామాజిక హోదా. ఒక్కొక్కటీ ఆరోగ్యాన్ని ఎలా తాకుతుందో శ్రీకర్ తడుముకోకుండా చెప్పాడు. ఎక్కాలు అప్పజెప్పినట్టు చెప్పాడు. హాలు చప్పట్లు కొట్టింది.

రిబ్కా చేతిలో పెన్ను ఆగిపోయింది. ఏసుబాబు ఆమెకి కొత్త మనిషి కాదు. ఈ కార్యక్రమం మొదలైనప్పుడు అపరిచితుల్ని గడప తొక్కనివ్వడానికి ఊళ్లో చాలామంది వెనకాడితే, మొట్టమొదట సరేనన్నది అతనే. "పిల్లలు డాక్టర్లవడానికి మా కొంప పనికొస్తదంటే అంతకంటే ఏం కావాలమ్మా" అన్నాడు. అలాంటి మనిషి అబద్ధమాడుతున్నాడంటే ఆమెకి మింగుడుపడలేదు.

"ఆయన అబద్ధం చెప్తున్నాడని ఎలా తెలిసింది?" అనేసింది కూర్చున్న చోటినుంచే.

తలలన్నీ వెనక్కి తిరిగాయి. సోషల్ వర్కరు సెమినార్లో నోరు విప్పడం ఆ హాల్లో ఎప్పుడూ లేదు.

"ఇన్సులిన్ వేసుకుంటే నాలుగు వందలెందుకుంటది, సిస్టర్? సింపుల్ లాజిక్" అన్నాడు శ్రీకర్, వినయంగానే.

"నేను సిస్టర్ని కాదు బాబూ. సరే, ఆ సంగతి వదిలెయ్. వేసుకోవట్లేదని నువ్వు చూశావా?"

ముందు వరసలోంచి డిపార్ట్‌మెంటు హెడ్ కనకదుర్గ మేడం చెయ్యెత్తింది. "రిబ్కా, తర్వాత మాట్లాడుకుందాం."

తర్వాత అంటే సాయంత్రం నాలుగున్నర. మేడం గదిలో బల్ల నిండా విద్యార్థుల లాగ్‌బుక్కుల దొంతరలు. వచ్చే వారం తనిఖీ బృందం వస్తోంది. డిపార్ట్‌మెంటులో ఉండాల్సినవాళ్లలో సగంమంది కూడా లేరు. ఆవిడ పొద్దుటినుంచీ సంతకాలు పెడుతూనే ఉంది.

"ఇంకొక్కసారి ఆ ఇంటికి పంపించండి మేడం. ఎక్కడో ఏదో తేడా ఉంది."

"ఆ ఊళ్లో పిల్లల పోస్టింగ్ అయిపోయింది రిబ్కా. లాగ్‌బుక్కుల మీద సంతకాలు కూడా అయిపోయాయి. బస్సు సోమవారం దాకా ఖాళీ లేదు."

"మరి ఆయన షుగరు నాలుగు వందలుంటే ఎవరు చూస్తారండి?"

"ఆసుపత్రికి రమ్మని చెప్పారుగా. రాకపోతే మనమేం చేస్తాం?"

రిబ్కా బయటికి పోలేదు. అలాగే నిలబడింది. ఆ నిలబడటం మేడంకి బాగా తెలుసు. మూడు సంతకాలు పెట్టాక కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"శనివారం నీకు సెలవేగా. వెళ్లు. శ్రీకర్ని కూడా తీసుకెళ్లు, నేను ఫోన్ చేసి చెప్తాను. బస్సు మాత్రం అడక్కు."

శనివారం పొద్దున బాపట్ల బస్టాండులో శ్రీకర్ ముఖం వేలాడేసుకుని నిలబడ్డాడు. పీజీ ఎంట్రన్సు కోచింగులో ఆరోజు పరీక్ష ఉందట, మానేసి వచ్చాడట. కర్లపాలెం దాకా బస్సులో ఆ మాటే రెండుసార్లు చెప్పాడు. రిబ్కా కిటికీలోంచి చూస్తూ ఊకొట్టింది. కర్లపాలెంలో దిగి షేరాటో పట్టుకుంటే, అది సముద్రం వైపు చెరువుల మధ్య గట్టు రోడ్డు మీద అరగంట కుదిపి, ఒక మలుపు దగ్గర దింపేసి వెనక్కి తిరిగింది. అక్కణ్ణుంచి నడక. రెండు వైపులా చదరంగా తవ్విన చెరువులు. నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్లు చక్రాల్లా తిరుగుతూ తెల్లటి నురగ చిమ్ముతున్నాయి.

"పోయినసారి ఇంత దూరం అనిపించలేదు" అన్నాడు శ్రీకర్ చెమట తుడుచుకుంటూ.

"పోయినసారి కాలేజీ బస్సు ఆ రేకుల షెడ్డు దాకా వచ్చింది."

ఆ రేకుల షెడ్డే ఏసుబాబు ఇల్లు. ఒకవైపు మేత బస్తాలు, రెండో వైపు మంచం, పొయ్యి, గోడకి బైబిలు వాక్యం ఉన్న క్యాలెండరు. భార్య సుగుణమ్మ రొయ్యల తలలు తీసే షెడ్డుకి పనికి పోయింది. ఏసుబాబు ఎడమ కాలికి గుడ్డ చుట్టుకుని మంచం మీద కూర్చుని, రొయ్యలు మేత తింటున్నాయో లేదో చూసే చెక్ ట్రే వల కుట్టుకుంటున్నాడు. వీళ్లని చూడగానే లేవబోయాడు.

"వందనాలమ్మా. రండి బాబూ, రండి. ముందు కబురు పెడితే సుగుణ టీ అయినా కాసి పెట్టి ఎళ్లేది."

శ్రీకర్ నిలబడే అడిగాడు. "ఏసుబాబు గారూ, నిజం చెప్పండి. ఇంజెక్షన్ రోజూ వేసుకుంటున్నారా?"

"ఏసుకుంటున్నాను బాబూ. పొద్దునా, సాయంత్రం. మీరు చెప్పినట్టే పొట్ట మీద."

"మరి షుగరెందుకు తగ్గట్లేదు? వేసుకుంటే తగ్గాలి."

ఏసుబాబు కుట్టుతున్న వల పక్కన పెట్టాడు. "నేను అబద్ధమాడుతున్నానంటారా బాబూ?"

రిబ్కా మంచం చివర కూర్చుంది. ఏం అడగాలో ఆమెకీ తెలియలేదు. ఏదో ఒకటి అడగాలని అడిగింది.

"అన్నా, సూది మందు ఎక్కడ పెట్టుకుంటన్నావు?"

"చల్లగానే పెడతన్నానమ్మా. సూది మొదలెట్టిన కొత్తలో వచ్చినప్పుడు ఈ బాబే చెప్పాడుగా, చల్లగా పెట్టకపోతే పాడైపోద్దని." అతని గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది. "ఒక్కరోజు కూడా తప్పలేదు. సూపిత్తానుండండి."

కుంటుకుంటూ వెళ్లి మేత బస్తాల వెనకనుంచి థర్మోకోల్ పెట్టె తెచ్చాడు. రొయ్యలు పంపే పెట్టె. దాని చుట్టూ గోనెసంచి కట్టాడు. మూత తీశాడు. నిండా ఐసు. ఐసు మీద రాళ్లుప్పు. ఉప్పూ ఐసూ కలిసి గట్టిపడిన ముద్దలో చెయ్యి పెట్టి తవ్వి, ప్లాస్టిక్ సంచిలో చుట్టిన చిన్న సీసా బయటికి తీశాడు.

"ఉప్పెందుకన్నా?"

"ఉప్పు చల్లితే ఇంకా బాగా చల్లబడతదమ్మా. రొయ్యలకి అట్లాగే చేత్తాం గదా."

శ్రీకర్ సీసా చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ తిప్పాడు. లోపల మందు కదల్లేదు. సీసాలో తెల్లగా, గట్టిగా గడ్డకట్టి ఉంది.

"దీన్ని… ఎలా వేసుకుంటారు?"

"కాసేపు గుప్పిట్లో పెట్టుకుంటే కరుగుద్ది బాబూ. చలికాలంలో అయితే ఎండలో పెట్టేవాణ్ణి."

శ్రీకర్ సీసాని వెలుతురుకి ఎత్తి చూశాడు. రిబ్కాకి ఏమీ అర్థం కాలేదు. "ఏంటి?" అంది.

"ఫ్రీజ్ అయితే ఇన్సులిన్ పనిచెయ్యదు" అన్నాడతను, గొంతు తగ్గించి. "తర్వాత కరిగించినా అంతే. పారెయ్యాల్సిందే. ఆయన వేసుకుంటున్నాడు. నాలుగు నెలలుగా వేసుకుంటూనే ఉన్నాడు. అది ఒట్టి నీళ్లు వేసుకున్నట్టే."

"ఆ సంగతి ఆయనకి చెప్పావా?"

"చల్లగా పెట్టమని చెప్పాను."

"గడ్డకడితే పనికిరాదని చెప్పావా?"

"చెప్పలేదు." అతని ముఖం ఎర్రబడింది. "చెక్‌లిస్టులో ఆ ప్రశ్న లేదు. మందు నిల్వ సదుపాయం ఉందా లేదా అని ఉంది. ఐసు పెట్టె ఉందన్నాడు. ఉంది అని టిక్ పెట్టాను."

ఆ చెక్‌లిస్టు పైనుంచి ఇంగ్లీషులో వస్తే, పిల్లలు ఇళ్లలో చదివి వినిపించడానికి వీలుగా తెలుగులోకి దించింది రిబ్కాయే. 'మందు నిల్వ సదుపాయం: ఉంది / లేదు.' ఆ వాక్యం తన చేతిరాతే. ఆ మొదటిసారి వచ్చినరోజు ఐదు ఇళ్లూ భోజనాల వేళకి పూర్తి కావాలని, బస్సు మెట్టు మీద నిలబడి "త్వరగా కానియ్యండి" అని కేకలు పెట్టింది కూడా తనే. గురువారం నుంచీ ఈ కుర్రాడి మీద పళ్లు నూరుకుంటోంది. ఇప్పుడు ఆ కోపం ఎక్కడ దింపుకోవాలో తెలియలేదు.

ఏసుబాబు ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. "తప్పు చేశానా అమ్మా?"

"నువ్వు కాదన్నా." ఆమె పెట్టె వైపు చూసింది. "ఐసు ఎక్కణ్ణుంచి తెస్తన్నావు?"

"ఐసు ఫ్యాక్టరీనుంచి. రోజూ పొద్దున్నే సైకిలు మీద పోయి తెచ్చుకుంటన్నాను. రెండు రోజుల్నుంచి కాలు పెడలు మీద ఆనట్లేదు. అందుకని సుగుణే నడిచెళ్లి తెత్తంది."

శ్రీకర్ నేల మీద మోకాళ్లానించి కూర్చుని, అడక్కుండానే ఆ కాలి గుడ్డ విప్పాడు. విప్పుతుంటేనే వాసన కొట్టింది. చిటికెన వేలు నల్లబడింది. పక్క వేలు సగందాకా నల్లబడింది. పాదం వాచి మెరుస్తోంది. పోయిన వారం ఇక్కడికే వచ్చి షుగరు చూసి, బీపీ చూసి, బరువు చూసి వెళ్లారు. కాలు చూడలేదు. అప్పుడు కూడా గుడ్డ కట్టే ఉంది.

"ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్లాలి" అన్నాడు.

"ఇవాళా? బుధవారం రొయ్యల పట్టుబడి బాబూ, చెరువంతా వల వేసి పట్టేత్తారు. చెరువొదిలి ఎట్టా కదలను? ఏరేటరు ఒక్క గంట ఆగితే మొత్తం రొయ్య చచ్చి తేలిపోద్ది. దొరగారు చంపేత్తారు."

దొరగారంటే చెరువు యజమాని బాబూరావు. రేపల్లెలో ఉంటాడు. రిబ్కా నంబరు తీసుకుని ఫోన్ చేసింది, ఏసుబాబు కూడా వినేటట్టు స్పీకరు పెట్టి.

"నమస్కారమండి. మెడికల్ కాలేజీ నుంచి రిబ్కాని మాట్లాడుతున్నాను. మీ ఏసుబాబు కాలు బాగా పాడైపోయిందండి. వెంటనే ఆసుపత్రిలో చేర్చాలి."

"ఆ, చూశాన్లేమ్మా, చిన్న దెబ్బే. బుధవారం పట్టుబడి ఉంది. అదయ్యాక నేనే పంపిస్తాను."

"అప్పటిదాకా ఆగితే కాలు తీసెయ్యాల్సి వస్తదండి."

"ఆసుపత్రోళ్లు అట్లాగే భయపెడతారు. అయినా నువ్వెవరివమ్మా, నర్సువా?"

"కాదండి, సోషల్ వర్కర్ని."

"సరే సరే, బుధవారం తర్వాత చూద్దాం." ఫోన్ పెట్టేశాడు.

రిబ్కా మళ్లీ చేసింది. ఎత్తలేదు. మూడోసారీ ఎత్తలేదు. రేపల్లె దగ్గర ఒక ఊళ్లో ఆమె తండ్రి కూడా ఇలాంటి గొంతుల ముందే చేతులు కట్టుకుని నిలబడేవాడు. తను ఎమ్మే చదివింది, సోషల్ వర్కులో డిగ్రీ తెచ్చుకుంది. అయినా ఫోన్లో అవతలివాడికి తన గొంతు వినగానే అంతా తెలిసిపోయినట్టుంది.

"నా ఫోన్నుంచి చేస్తాను" అన్నాడు శ్రీకర్. స్పీకరు అలాగే పెట్టాడు.

"హలో అండి, మెడికల్ కాలేజీ నుంచి శ్రీకర్ని."

"డాక్టరు గారా? చెప్పండి సార్."

ఇంకా డాక్టర్ని కాలేదని శ్రీకర్ చెప్పలేదు. కాలు సంగతి చెప్పాడు.

"ఏ ఊరు సార్ మీది?"

"తెనాలండి."

"తెనాల్లో ఎవరబ్బాయి?"

శ్రీకర్ ఒక్క క్షణం రిబ్కా వైపు చూసి, వెంటనే చూపు తిప్పుకున్నాడు. "ఎరువుల కొట్టు వెంకటకృష్ణయ్య గారి మనవణ్ణండి."

"అయ్యో, వెంకటకృష్ణయ్య గారి మనవడివా! ముందే చెప్పొద్దూ బాబూ! మీ తాతగారూ మా బావగారూ ఒకే కంచంలో తిన్నోళ్లు. నువ్వేం కంగారుపడకు. గంటలో వేరే మనిషిని పంపిస్తాను. మావాణ్ణి మీరు తీసుకెళ్లండి. కారు కూడా పంపించనా?"

"పంపించండి" అన్నాడు శ్రీకర్.

ఫోన్ జేబులో పెట్టుకుని చెరువు వైపు తిరిగి నిలబడ్డాడు. చాలాసేపు తిరగలేదు. రిబ్కా అనాల్సింది చాలా ఉంది. కానీ కాలు ముఖ్యం. పైగా ఆ కుర్రాడి మెడ వెనకభాగం ఎంత ఎర్రబడిందో ఆమెకి కనిపిస్తూనే ఉంది. ఏసుబాబు మాత్రం అందులో విశేషమేమీ కనపడనట్టు, సుగుణమ్మకి కబురెలా పంపాలా అని ఆలోచనలో పడ్డాడు.

ఆ సాయంత్రమే కాలేజీ ఆసుపత్రిలో చేర్చుకున్నారు. సోమవారం ఆపరేషన్ చేసి రెండు వేళ్లు తీసేశారు. పాదం దక్కింది. ఇంకో వారం ఆగి ఉంటే మోకాలి దాకా పోయేదని అన్నారు. సుగుణమ్మ వార్డు బయట నేల మీద కూర్చుని, వచ్చేపోయే ప్రతివాళ్లకీ లేచి దణ్ణం పెట్టింది.

అంతటితో ఆగి ఉంటే రిబ్కా కొంత కుదుటపడేది. మంగళవారం పొద్దున సర్జరీ ప్రొఫెసరు రౌండ్లకి వచ్చాడు. వెనక పదిమంది విద్యార్థులు. రిబ్కా పాలప్యాకెట్టు పట్టుకుని గుమ్మంలో నిలబడింది. ఆయన మంచానికి కట్టిన కేసు షీటు తిరగేసి, పై కాగితం గట్టిగా చదివాడు. కుటుంబ సర్వే రికార్డులోంచి తెచ్చి అంటించిన కాగితం.

"ఇన్సులిన్ వాడడు. వాడుతున్నానని అబద్ధం చెబుతాడు." ఆయన పిల్లలవైపు తిరిగాడు. "చూశారా? మందులు ఎగ్గొడితే ఇదీ ఫలితం. ఏంటయ్యా, మందులు వాడటానికి ఏం రోగం నీకు?"

ఏసుబాబు కట్టు కట్టిన కాలి వైపే చూస్తూ పడుకున్నాడు.

"సార్, అది తప్పండి" అంది రిబ్కా గుమ్మంలోంచి. "ఆయన రోజూ వాడాడు. మందు గడ్డకట్టి పాడైంది. మనం సరిగ్గా చెప్పలేదు."

ప్రొఫెసరు ఆమె వైపు చూసి, తన పక్కనున్న జూనియర్ వైపు చూశాడు. "రికార్డులో అలా లేదే" అన్నాడు. తర్వాతి మంచం దగ్గరికి కదిలాడు. పిల్లలు ఆయన వెంట కదిలారు.

మధ్యాహ్నం శ్రీకర్ని వెంటబెట్టుకుని రిబ్కా మేడం గదికి వెళ్లింది. జరిగిందంతా శ్రీకరే చెప్పాడు. ఎక్కడా తనని వెనకేసుకురాలేదు. కనకదుర్గ మేడం చివరిదాకా వింది. తలపట్టుకుంది.

"రికార్డు మార్చాలి మేడం" అన్నాడతను. "నేను రాసింది తప్పు."

"మార్చడానికి లేదు. మొన్న శుక్రవారమే ఆన్‌లైన్లో మూసేశారు. ప్రింట్లు తనిఖీవాళ్లకి వెళ్లిపోయాయి. కావాలంటే లాగ్‌బుక్కులో కింద ఒక నోటు రాయి, సంతకం పెడతాను."

"నోటు ఎవరు చదువుతారండి?" అంది రిబ్కా. "వార్డులో ఆయన మంచానికి కట్టిన కాగితమే చదువుతున్నారు."

"నాకు తెలీదనుకుంటున్నావా?" మేడం గొంతు పెరిగింది, అంతలోనే తగ్గింది. "నేను వచ్చినప్పుడు ఇక్కడ ఎనిమిదిమందిమి ఉండేవాళ్లం రిబ్కా. ఇప్పుడు ముగ్గురం. నూట యాభై జట్ల పిల్లలు, ఏడు వందల యాభై ఇళ్లు. ఏం చెయ్యమంటావు చెప్పు?"

మేడం అబద్ధమాడట్లేదని రిబ్కాకి తెలుసు. అదే ఎక్కువ చిరాకు. తిట్టడానికి ఒక దుర్మార్గుడు దొరికితే సుఖంగా ఉండేది.

కేసు షీటుకి అంటించిన ఆ కాగితాన్ని మాత్రం శ్రీకర్ వార్డుకి పోయి, జూనియర్ డాక్టరుని బతిమాలి, కొట్టేయించి పక్కన సరిదిద్దించాడు. ఆ గురువారం సెమినార్లో మేడం అతనికి పది నిమిషాలిచ్చింది. తెర మీద బొమ్మలేవీ వెయ్యకుండా నిలబడి చెప్పాడు. పేషెంటు నిజమే చెప్పాడని, తనే వినలేదని, చెరువు యజమాని ఫోన్లో తన తాత పేరు అడిగాడని, ఆ పేరుతోనే కారు వచ్చిందని చెప్పాడు. ఆ చివరి మాట చెప్పేటప్పుడు తడబడ్డాడు. ఫోన్లు చూసుకునేవాళ్లు కూడా తలెత్తారు.

తర్వాత ముందు బెంచీలోంచి బిందుమాధవి అనే అమ్మాయి చెయ్యెత్తింది. ఎగతాళిగా కాదు, నిజంగానే తెలుసుకోవాలని అడిగింది.

"మరి అప్పుడు 'కారణం' అన్న గడిలో ఏం రాయాలి మేడం? అక్కడ ఇచ్చినవాటిలో ఇది లేదు కదా."

కనకదుర్గ మేడం కొంచెంసేపు ఆలోచించింది. "అవగాహన లోపం అనే రాయండి" అంది. "ఎవరి అవగాహన అని తనిఖీవాళ్లెలాగూ అడగరు."

కొందరు నవ్వారు. మేడం నవ్వలేదు. రిబ్కా హాజరు పట్టీ మూసేసి బయటికి వెళ్లిపోయింది.

ఏసుబాబుని ఆసుపత్రినుంచి పంపించేసే రోజు ఆమె దగ్గరుండి కొత్త ఇన్సులిన్ ఇప్పించింది. రెండు మట్టి ముంతలు కొని తెచ్చింది. పెద్దదాంట్లో తడి ఇసుక పోసి, చిన్నది అందులో పెట్టి, సీసా చిన్న ముంతలో ఎలా పెట్టాలో సుగుణమ్మకి చూపించింది. అంతా విన్నాక ఆమెచేత మళ్లీ చెప్పించుకుంది. ఇసుక తడి ఆరనివ్వకూడదని, ఐసు అస్సలు వద్దని, ఎండ తగలని మూల పెట్టాలని సుగుణమ్మ పొల్లు పోకుండా చెప్పింది. చెరువు కాపలాకి మాత్రం బాబూరావు పెట్టిన కొత్త మనిషే ఉండిపోయాడు. కుంటి కాలితో గట్లు తిరగలేవులే అన్నాడట. సామాను రేకుల షెడ్డులోంచి తీసి, ఈపురుపాలెంలో సుగుణమ్మ అన్నగారింట్లో పెట్టుకున్నారు.

ఆటో ఎక్కబోతూ ఏసుబాబు ఆగాడు.

"అమ్మా, ఒక మాట. ఏమనుకోవద్దు."

"చెప్పన్నా."

"ఇంక మా ఇంటికి పిల్లల్ని తీసుకురాకమ్మా."

"శ్రీకర్ చాలా బాధపడుతున్నాడన్నా. అందరి ముందూ తనదే తప్పని చెప్పాడు."

"ఆ బాబు మంచోడే. ఆయన మీద నాకేం లేదు. నిన్న కూడా వచ్చి కూర్చున్నాడు." ఏసుబాబు కర్ర సర్దుకున్నాడు. "కానీ ఆ పెద్దాయన అంతమంది పిల్లల ముందు అట్లా అన్నాక, నాకు… వొద్దమ్మా. మమ్మల్ని ఇంకెవరూ ఏమీ అడగొద్దు."

ఆమె సరేనంది. అంతకంటే ఏమంటుంది? ఆటో గేటు దాటేదాకా నిలబడి చూసింది.

జాబితాలోంచి ఒక కుటుంబాన్ని తీసెయ్యాలంటే ఒక ఫారం ఉంది. కారణం దగ్గర మూడే గడులు. వలస, మరణం, నిరాకరణ. రిబ్కా ఆ ఫారం రెండు రోజులు బల్ల మీద పెట్టుకుని తిరిగింది. పక్కన మార్జిన్లో చిన్న అక్షరాలతో అసలు సంగతి రాయబోయింది. మూడు లైన్లకే చోటు అయిపోయింది. ఆ కాగితం చించేసి, కొత్తది తీసుకుని, నిరాకరణ దగ్గర టిక్ పెట్టి, గుమాస్తాకి ఇచ్చేసింది. ఇచ్చి వచ్చాక చేతులు కడుక్కుంది. ఎందుకో ఆమెకే తెలియదు.

జూన్‌లో కొత్త బ్యాచ్ వచ్చింది. జంపని వైపు ఒక కాలనీకి మొదటి విజిట్. కొత్త కోట్లు వేసుకున్న పదిహేనుమంది పిల్లలు బస్సు దిగి, జట్లుగా విడిపోయి, తలా ఒక చెక్‌లిస్టు పట్టుకుని ఇళ్లలోకి వెళ్లారు. పావుగంట కాకముందే ఒక అబ్బాయి తిరిగొచ్చాడు. పేరు సాత్విక్.

"మొదటి ఇల్లు అయిపోయింది మేడం."

ఆమె కాగితం తీసుకుని చూసింది. అన్ని గడులూ నిండాయి. ఇంట్లో కమలమ్మ అనే ముసలావిడకి బీపీ. మందులు వాడుతుందా, అవును. నిల్వ, ఉంది. ఇబ్బందులు, ఏమీ లేవు.

"ఆవిడ మందులు చూశావా?"

"వాడుతున్నానని చెప్పారండి."

"ఎక్కడ పెడుతుంది? ఎన్ని మిగిలాయి? అవి అయిపోతే ఎవరు తెచ్చిపెడతారు?"

సాత్విక్ కాగితం వైపు చూశాడు, ఆ ప్రశ్నలు అందులో ఎక్కడైనా ఉన్నాయేమోనని. "అవి లేవు మేడం ఇందులో."

"లేవు. నాకు తెలుసు. పద, నేనూ వస్తాను."

వెనక బస్సు డ్రైవరు హారను కొట్టాడు. ఒంటిగంటకల్లా కాలేజీకి చేరాలని పొద్దునే చెప్పాడు. రిబ్కా చెయ్యి ఊపి ఆగమంది. కమలమ్మ ఇంటి అరుగు మీద సాత్విక్‌ని కూర్చోబెట్టింది. పక్కన తనూ కూర్చుంది. ముసలావిడ చీర కొంగు ముడి విప్పి మూడు మాత్రలు చూపించింది. పోయిన నెల మనవడు తెచ్చిన పదిహేనులో మిగిలినవవి. ఒంట్లో బాగాలేనప్పుడు ఒకటి వేసుకుంటుందట. రోజూ వేసుకోమన్నారని ఆవిడకీ తెలుసు. మనవడు రంగుల పనికి విజయవాడ వెళ్లాడు, మళ్లీ ఎప్పుడొస్తాడో తెలియదు. అందుకని పొదుపుగా వాడుకుంటోంది. సాత్విక్ పెన్ను తీశాడు. ఎక్కడ రాయాలో తెలియక, కాగితం వెనక్కి తిప్పి ఖాళీ వైపు రాయడం మొదలుపెట్టాడు. రాస్తూ మధ్యలో తనంతట తనే ఇంకో ప్రశ్న అడిగాడు. ముసలావిడ జవాబు చాలా పొడుగ్గా చెప్పింది. హారను మళ్లీ మోగింది.

మిగతా జట్లతోనూ రిబ్కా అలాగే కూర్చుంది, మూడు గంటలకి కాలేజీకి చేరారు. కనకదుర్గ మేడం వరండాలోనే ఎదురైంది.

"ఒక్కో జట్టుకి ఐదిళ్లు కదా. రెండే అయ్యాయంట?"

"అవునండి."

"మిగతా మూడూ?"

"మళ్లీ వెళ్తామండి."

"ఈ నెల్లో ఇంక బస్సు లేదు రిబ్కా."

"తెలుసండి" అంది రిబ్కా. కాగితాల కట్ట ఆవిడ చేతిలో పెట్టి, మంచినీళ్లు తాగడానికి లోపలికి వెళ్లింది.